సోమందేపల్లె బాకీ

మొన్న ఒక ఆదివారం మా తమ్ముని కూతురు బెంగుళూరు నుంచి మొగునితో కలిసి మా ఇంటికి వచ్చింది. వచ్చింది అనడం కంటే తాకి పోయింది అనడం మేలు. పదకొండున్నరకు కారు దిగింది, రెండింటికి కారెక్కింది. ఆ కాస్త సేపట్లోనూ ఇద్దరూ చెరొక గదిలో నిలబడి ఫోన్లో ఆఫీసు సంగతులు మాట్లాడుతూనే ఉన్నారు. వంకాయ కూర వడ్డిస్తే ఒక చేత్తో తిన్నారు, ఇంకో చెయ్యి ఫోను మీదే. ఏం తింటున్నారో వాళ్ళకు తెలిసిందో లేదో దేవుడికే ఎరుక. "ఆదివారం కూడా ఏం పనే తల్లీ?" అని అడిగితే, "ఇంటి లోను అత్తా. ఇరవై ఏండ్లది. కష్టపడి పదేండ్లలో తీర్చేస్తే ఆ తర్వాత హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు" అంది. అని ఊరుకోక, "మీ కాలమే నయం. అప్పులూ గిప్పులూ ఉండేవి కాదు కదా" అంది. నేను అప్పుడే మజ్జిగ నోట్లో పోసుకున్నాను. పొలమారి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

అప్పులు లేకపోవడమా! మా అనంతపురం జిల్లాలో అప్పు లేని ఇంటికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడేవాళ్ళు, ఈ మనిషిని నమ్మి అప్పిచ్చే నాథుడే లేడు కాబోలునని. వాన వస్తే శనక్కాయ విత్తనాలకు అప్పు, రాకపోతే తిండికి అప్పు. అది మామూలు అప్పు, దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు కూడా. మా ఇంటికి వచ్చింది మాత్రం మామూలు అప్పు కాదు. అది గొడుగుల అప్పు. దాని కథ మా మేనకోడలికి చెబుదామనుకున్నాను గానీ అప్పటికే కారు వీధి మలుపు తిరిగింది. పోనీలే, ఇక్కడ చెప్పుకుంటాను.

మా ఊరి నుంచి ముదిగుబ్బకు నడిచి పోతే గంటన్నర, బస్సులో పోతే రెండు గంటలు, ఎందుకంటే ఆ బస్సు కోసం కాచుకుని కూర్చోవాలి కదా. మా నాయన పేరు నరసింహులు, ఊర్లో నరసన్న. వానను నమ్ముకున్న మెట్ట పద్దెనిమిది ఎకరాలు, బావి కింద మూడెకరాలు మాకుండేవి. ఆ మూడెకరాలు మా అన్నం, తక్కిన పద్దెనిమిదీ మా ఆశ. నాయన ఇంట్లో ఉండే మనిషి కాదు. ఎవరింట్లో అన్నదమ్ములు తగువులాడుకున్నా, ఎవరి పెళ్ళి మాటలు చెడినా, ఎవరి ఎద్దు తప్పిపోయినా, గంజి పెట్టిన తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని మోటారుసైకిలెక్కి పోయేవాడు. నాకూ మా తమ్మునికీ నాయన అంటే ఒక తెల్లటి వీపు, ఒక పెద్ద చప్పుడు, దాని వెనక లేచే దుమ్ము. ఆయన ముఖం కంటే వీపే మాకు బాగా గుర్తు.

అటువంటి మనిషిని ఊరు ఊరికే వదులుతుందా? సర్పంచి ఎన్నికలకు నిలబెట్టారు. ఎదుటి మనిషి ఓబులేసు, మా నాయనతో కలిసి బడికి పోయినవాడే. ఆయనకు ఎద్దులబండి గుర్తు వచ్చింది, మా నాయనకు గొడుగు. ఓబులేసు మనుషులు రచ్చ కట్ట మీద కూర్చుని, "వానే పడని ఊర్లో గొడుగెందుకప్పా?" అని నవ్వడం మొదలుపెట్టారు. నాయనకు రోషం వచ్చింది. "వానకు కాకుంటే ఎండకు!" అని ధర్మవరం నుంచి వంద నల్ల గొడుగులు తెప్పించి ఇంటింటికీ పంచాడు. దానికి తోడు జీపు, జీపు మీద మైకు, రోజూ మా ఇంటి ముందు పొట్టేలు కూర, రాగి ముద్ద. మాకు ఓటు వేసేవాళ్ళూ తిన్నారు, వేయనివాళ్ళూ తిన్నారు, ఈ ఊర్లో ఓటే లేని పక్క ఊరి వాళ్ళూ వచ్చి తిన్నారు. చివరికి పదకొండు ఓట్లతో నాయన ఓడిపోయాడు. ఇచ్చిన గొడుగులు తిరిగి అడగలేం కదా. ఆ తర్వాత చాలా ఎండాకాలాలు ఊరంతా మా అప్పు నీడలోనే నడిచింది. గొడుగు వేసుకుని ఎవరైనా ఎదురుపడితే అమ్మ వాళ్ళ ముఖం చూసేది కాదు, గొడుగునే చూసేది.

ఆ డబ్బంతా ధర్మవరంలో శనక్కాయల మండీ నడిపే తిప్పయ్య దగ్గర తెచ్చింది. నాలుగు పంటలు గడువు, ఆలోగా తీర్చకపోతే బావి కింద మూడెకరాలు తిప్పయ్యవి. ఈ మాట నాయన మా జేజికి, అంటే వాళ్ళమ్మకు, ఓడిపోయిన మర్నాడు చెప్పాడు. జేజి మనిషి చూడ్డానికి చిన్నది. ఒడిలో ఎప్పుడూ వక్కాకు సంచి ఉండేది. ఏ మాటకైనా ఆకు నమిలి, వక్క నమిలి, ఇక ఈమె జవాబు చెప్పదేమో అనుకున్నాక అప్పుడు జవాబు చెప్పేది. ఆ రోజు ఒక ఆకంతా నమిలింది. తర్వాత లేచి దండెం మీద ఉన్న నాయన తెల్ల గుడ్డలన్నీ తీసి, మడిచి, తన ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి మొలతాడుకు కట్టుకుంది.

"బాకీ తీరేదాకా ఈ గుడ్డలు తీసేది లేదు. రంగు లుంగీ కట్టుకోని యాడికి పోతావో పో" అంది.

"ఏందిమా ఇది? నలుగురిలో తిరిగేవాన్ని!"

"నలుగురిలో తిరిగినావు, చూసినాం గదా. ఇంగ నలుగురితో కూర్చో. నీ పెండ్లాము, నీ ఇద్దరు బిడ్డలు, నేను. లెక్క సరిపోయిందా?"

రంగు లుంగీతో వీధి గడప దాటడమంటే నాయనకు ప్రాణం పోయినంత పని. పెరటి వాకిలి నుంచి చేనికి పోయేవాడు, మళ్ళీ పెరటి వాకిలి నుంచే వచ్చేవాడు. అప్పు మాట అటుంచి, మా ఇంట్లో మొదటిసారి పగటిపూట నాయన ఉన్నాడు. మాకూ కొత్తే, ఆయనకూ కొత్తే. మోటారుసైకిలు కూడా అమ్మేశారు కదా, వారం దినాలు ఏం చేయాలో తెలియక ఇంట్లో దూడలాగా అటూ ఇటూ తిరిగాడు. ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని, "పాపా, నువ్వు ఎన్నో క్లాసు?" అని అడిగాడు. ఆరు అన్నాను. "అప్పుడేనా!" అని ఆశ్చర్యపోయాడు. అన్నం దగ్గర మా తమ్ముణ్ణి చూసి, "వీడేమే, ఎడమ చేత్తో తింటాండాడు?" అని అమ్మను అడిగాడు. "పుట్టినప్పటి నుంచి అంతే. మీకిప్పుడు కనపడింది" అంది అమ్మ. ఆ మాటకు జేజి ఒక్కతే నవ్వింది. నాయన తల దించుకుని ముద్ద మింగాడు.

మా పంట ఎంత వచ్చినా అది వడ్డీకే చాలేది. అసలు తీరడానికి దారి జేజి కనిపెట్టింది. మా వైపు ఎండాకాలంలో, విత్తే పదును రాకముందు, మండీల వాళ్ళు విత్తనానికి శనక్కాయలు ఒలిపిస్తారు. కాయల మూటలు ఇళ్ళకు ఇస్తారు, పప్పు ఒలిచి కొలిచి ఇస్తే కూలి ఇస్తారు, పొట్టు మనకే. మిషన్లో వేస్తే పప్పు బద్దలవుతుంది, అది విత్తనానికి పనికిరాదు కాబట్టి చేత్తోనే ఒలవాలి. అయితే అది కూలి పని. పద్దెనిమిది ఎకరాల వాళ్ళు, నిన్నటి దాకా ఊరికంతా పొట్టేలు కూర పెట్టినవాళ్ళు, ఒకరి కాయలు కూలికి ఒలవడమంటే తలకొట్టేసినట్టే. అందుకని వీధి తలుపు మూసి, నడవలో కాయలు కుప్ప పోసి, చుట్టూ కూర్చునేవాళ్ళం.

ఆ నడవ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఎర్రమట్టి దుమ్ము, పొట్టు, జేజి వక్కాకు, పొయ్యిలో పొట్టు మండుతుంటే వచ్చే చేదు పొగ. ఒలవడానికి ఒక పద్ధతి ఉంది. కాయకు ఒక చివర చిన్న ముక్కులాంటిది ఉంటుంది, దాని పక్కన బొటనవేలితో నొక్కితే కాయ దానంతటదే నోరు తెరుస్తుంది. ఎక్కడబడితే అక్కడ నొక్కితే వేలు పోతుంది, కాయ మాత్రం తెరుచుకోదు. నాయన మొదటి రోజే రెండు బొటనవేళ్ళూ బొబ్బలెక్కించుకున్నాడు. "మైకు పట్టుకున్న చేతులు కదరా, తొందర్లోనే అలవాటైతాది" అని జేజి ఆముదం రాసింది. చేతులకు పనున్నా నోరు ఖాళీయే కదా, నాయన నోరు ఊరుకునే నోరు కాదు. ఎన్నికల్లో చెప్పకుండా మిగిలిపోయిన ఉపన్యాసాలన్నీ మాకు చెప్పేవాడు. "సోదర సోదరీమణులారా!" అని మొదలుపెడితే మా తమ్ముడు పొట్టు గాల్లోకి ఎగరేసి పూలదండ వేసేవాడు. "నన్ను గెలిపిస్తే ఈ నడవకు కరెంటు బుగ్గ తెప్పిస్తా!" అనేవాడు. అమ్మ మూతి బిగించుకుని, "ముందు ఆ చాట ఖాళీ చెయ్యండి" అనేది. అమ్మకు ఇంత బాగా నవ్వు వస్తుందని నాకు ఆ ఎండాకాలంలోనే తెలిసింది. సంగటి కెలకడం కూడా నాయనకు అప్పుడే వచ్చింది. తెడ్డు పట్టి గిరగిరా తిప్పి, ఒక్క ఉండ లేకుండా ముద్ద చేసి, ఊరిబిండి పచ్చడితో మాకు తలా ఒకటి పెట్టి, తిన్నాక ముఖాలు చూసేవాడు. బాగుంది అనేదాకా కదిలేవాడు కాదు, ఓటు అడిగినట్టే.

ఎవరైనా తలుపు తట్టారా, మా ఇంట్లో ఒక యుద్ధం. అమ్మ కుప్ప మీద గొర్రెబొచ్చు కంబళి పరిచేది, నాయన గదిలోకి దూరేవాడు, జేజి కంబళి మీదెక్కి మూలుగుతూ పడుకునేది. ఒకసారి సర్పంచి ఓబులేసే వచ్చాడు, ఏదో పన్ను కాగితం పట్టుకుని. వచ్చినవాడు జేజిని పలకరిస్తూ కంబళి మీద ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పటపటమని చప్పుడైంది. లేచాడు. మళ్ళీ చూసి కూర్చున్నాడు. మళ్ళీ పటపట.

"ఏమవ్వా, ఈ చప్పుడు?"

"కీళ్ళప్పా, కీళ్ళు. ముసిలితనం. నువ్వు కూర్చుంటే ఇంగా ఎక్కువైతాండాది" అంది జేజి, కన్ను కూడా కదపకుండా.

ఓబులేసు పన్ను కాగితం అక్కడే పెట్టి లేచి పోయాడు. ఆ తర్వాతి వారం నాయన ముఖానికి తుండుగుడ్డ చుట్టుకుని, ఒలిచిన పప్పు మూటలు బండికెత్తి ధర్మవరం మండీకి బయల్దేరాడు. సెలవులు కదా అని నన్నూ ఎక్కించుకున్నాడు. మండీ దగ్గర మాకంటే ముందు ఇంకో బండి ఆగి ఉంది. దాని పక్కన ఇంకో మనిషి, ముఖానికి ఇంకో తుండుగుడ్డ. రెండు తుండుగుడ్డలూ ఒకదాన్నొకటి చాలాసేపు చూసుకున్నాయి. కడకు నాయనే గుర్తుపట్టాడు.

"ఓబులేసూ! నువ్వు గెలిచినావు కదప్పా!"

ఓబులేసు తుండుగుడ్డ దించి నిట్టూర్చాడు. "గెలిచినోనికే ఖర్చు ఎక్కువ నరసన్నా. గెలిచినాక ఇంగో పది పొట్టేళ్ళు కోయించిరి. మా యమ్మకు గూడా కీళ్ళ నొప్పులే, ఏం చెప్పేది!" అన్నాడు. ఇద్దరూ మండీ అరుగు మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వి, ఒక్క టీ తెప్పించుకుని సగం సగం తాగారు.

రెండో ఎండాకాలంలో నాయన ఒక ఘనకార్యం చేశాడు. ఒలిచేది ఐదుగురం, రాబడి చూస్తే చీమ నడక. ఈ లెక్కన నాలుగు పంటల గడువుకు అప్పు తీరదేమోనని ఆయనకు గుబులు పట్టుకుంది. ఎవరో చెప్పారట, కాయల మీద నీళ్ళు చల్లి మూత వేస్తే పొట్టు మెత్తబడి చకచకా వస్తుందని. ఆ మాట నిజమే. కానీ చల్లేవాళ్ళు ఏదో చేతితో చిలకరిస్తారు, అదే పూట ఒలిచి ఎండలో ఆరబోస్తారు. మా నాయన ఏదీ తక్కువగా చేసే మనిషి కాదు కదా. జేజి గుడికి పోయిన సమయం చూసి, బిందెలతో నీళ్ళు పోసి, నాలుగు మూటలు తడిపి, గోనెలు కప్పి పెట్టాడు. రెండు రోజుల్లో నాలుగు మూటలూ ఒలిచాము. అంత వేగం మేం ఎన్నడూ చూడలేదు. నాయన మీసం దువ్వుకున్నాడు. తడి ఆరకముందే మూటలు కట్టి మండీకి తీసుకుపోయాడు. తిప్పయ్య మూట విప్పి చెయ్యి పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, "నరసన్నా, ఇత్తనం తెమ్మంటే మొలకలు తెచ్చినావే! చేనెందుకు ఇంగ, మూటలోనే పంట పండించినావు" అన్నాడు. పప్పు వేడెక్కి, బూజు పట్టి, సగం మొలకెత్తింది. ఆ నాలుగు మూటల ఖరీదు మా అప్పు మీదే పడింది.

ఆ రోజు నాయన అన్నం తినలేదు. జేజి కోప్పడుతుందని అందరం ఎదురుచూశాం. ఆమె ఒక ఆకు నమిలి, "పైరుకు తొందర లేదు, కాయకు తొందర లేదు, నీకొక్కనికే యాడిది రా తొందర? మేము యాడికన్నా పారిపోతాండామా?" అంది. అంతే. చాట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

అందరూ బాధపడుతుంటే నేనొక్కతినే లోలోపల సంబరపడ్డాను. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గుగా ఉంది గానీ నిజం అదే. అప్పు తీరితే ట్రంకు పెట్టె తెరుచుకుంటుంది, తెల్ల గుడ్డలు బయటికొస్తాయి, నాయన మళ్ళీ వీపు అయిపోతాడు. నాకు ఆ వీపు వద్దు. సంగటి పెట్టి ముఖం చూసే నాయనే కావాలి. బడికి పోయే దారిలో ఆంజనేయస్వామి గుడి ఉండేది. రోజూ ఆగి, "సామీ, మా అప్పు తీరకుండా చూడు, టెంకాయ కొడతా" అని మొక్కుకునేదాన్ని. ఆ స్వామికి అటువంటి మొక్కు అంతకు ముందెవరూ మొక్కి ఉండరు. మూడెకరాలు పోతే తినేదేమిటన్న ఆలోచన నాకు లేదు. పన్నెండేండ్ల పిల్లకు నాయన ముందు మూడెకరాలెంత?

మా మేనకోడలు చెప్పింది కదా, అప్పు తీరాక హాయిగా ఇంట్లో కూర్చుంటామని. పాపం, వాళ్ళను తప్పు పట్టను, వాళ్ళ అప్పు వాళ్ళను బయటే ఉంచుతుంది. మా అప్పు మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టింది. అప్పుడు మాకు దుడ్లు లేవు, పొద్దు మాత్రం బోలెడంత ఉండేది. పండక్కి కొత్త గుడ్డలు లేవు. కూరలో నూనె కూడా గుడ్డ ముంచి తుడిచినంతే వాడేవాళ్ళం. రోజూ సంగటే, రోజూ ఊరిబిండే. బాగుండేది అని ఇప్పుడంటున్నాను గానీ అప్పుడు సంగటి చూసి నేనూ తమ్ముడూ ఏడ్చిన రోజులూ ఉన్నాయి. అమ్మ చేతుల్లో గాజులు కుదువకు పోయి మట్టిగాజులు మిగిలాయి. అదంతా మరిచిపోయి ఆ కాలమే స్వర్గం అంటే మా అమ్మ ఊరుకోదు.

నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి, నా మొక్కును ఏ మాత్రం లక్ష్యపెట్టకుండా, అప్పు తీరిపోయింది. ఆ ఏడు వాన బాగా పడింది, కాయలు బాగా కాశాయి. నాయన తిప్పయ్య దగ్గర కాగితం తెచ్చి దేవుడి ముందు పెట్టాడు. జేజి మొలతాడు విప్పి తాళంచెవి ఇచ్చింది. తెల్ల గుడ్డలు బయటికి వచ్చాయి, మడత పడిన చోటల్లా పసుపు గీతలతో. ఊర్లో సంగతి, ఒక చెవిలో పడితే చాలదా? నాలుగు రోజులు తిరక్కుండానే ముదిగుబ్బ నుంచి జీపు వచ్చింది. పెద్ద నాయకులే వచ్చారు, ఈసారి సమితి ఎన్నికలకు నిలబడాలని. "నీకున్న పేరు ఎవురికుండాది నరసన్నా?" అన్నారు. నాయన కాదనలేదు, అవుననలేదు. లోపలికి వచ్చి తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. నేను స్తంభం పట్టుకుని ఏడుస్తున్నాను. ఆయన నా ముఖం చూసి, చూడనట్టు తిరిగి, వాకిట్లోకి పోయాడు. ఒక కాలు జీపులో పెట్టాడు.

అప్పుడు జేజి అరుగు మీద నుంచి కేకేసింది. "రే నరసిమ్మా! పోయేది పో గానీ, సోమందేపల్లె లచ్చుమక్క బాకీ సంగతి చెప్పి పో."

"ఏ లచ్చుమక్కమా?"

"మా చిన్నాయన కూతురు. ఎలచ్చన్ల ఆఖరి వారం పొట్టేళ్ళకు దుడ్లు యాడ నుంచి వచ్చె అనుకున్నావు? నా మొగం చూసి మూడు వేలు ఇచ్చింది. కాగితం అడగలేదు, వడ్డీ అడగలేదు. అటువంటి బాకీ పెట్టుకోని తెల్ల గుడ్డలేసుకోని తిరిగితే మనిషి పుటకేనా?"

జీపులో వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాయన పెట్టిన కాలు తీశాడు. "ఇంటి బాకీ ఉండాదన్నా. ఈసారికి వదిలేయండి" అన్నాడు. అప్పు మాట వచ్చాక బలవంతం చేసేవాళ్ళు మా సీమలో ఉండరు. జీపు వెళ్ళిపోయింది. నేను పరిగెత్తుకుంటూ పోయి ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టాను.

ఆ తర్వాత ఆ లక్ష్మక్క మా ఇంట్లో మనిషి అయిపోయింది. పంట చేతికొచ్చినప్పుడల్లా నాయన ఇచ్చిన డబ్బు కొంగున కట్టుకుని జేజి బస్సెక్కేది, రెండు రోజులకు వచ్చి, "అందిందని చెప్పమనింది, పిల్లోల్లను అడిగింది" అనేది. నేను అనంతపురంలో కాలేజీలో చేరేటప్పుడు హాస్టలుకు డబ్బు చాలకపోతే, "లచ్చుమక్కను అడిగి చూస్తా" అని జేజి పోయి మూడో రోజుకు డబ్బుతో వచ్చింది. ఏం మహాతల్లి! తీరుతూ తీరుతూ ఉన్న బాకీ మళ్ళీ పెరిగింది. నాయన మళ్ళీ చాట ముందు కూర్చున్నాడు. ఏడాదికొకసారి జీపు రావడం, బాకీ ఉండాదని నాయన చెప్పడం, అది కూడా ఆనవాయితీ అయిపోయింది.

డిగ్రీలో ఉండగా స్నేహితురాలి పెళ్ళికని హిందూపురం పోతూ, దారిలో సోమందేపల్లెలో బస్సు దిగాను. నన్ను చదివించిన తల్లికి ఒక దండం పెట్టి పోదామని, ఒక చేతిలో పూలు, ఒక చేతిలో అరటిపండ్లు. ఊరంతా తిరిగాను. ఆ పేరున్న వాళ్ళు ముగ్గురు దొరికారు. ఒకామె చంటిపిల్ల తల్లి, ఒకామె బడిలో వంట చేసేది, ఒకామె మాకే అప్పు కావాలమ్మా అంది. మా జేజిని ఎరిగినవాళ్ళు ఆ ఊర్లో ఒక్కరూ లేరు. సెలవులకు ఇంటికి పోయి, జేజి ఒక్కతే ఉన్నప్పుడు అడిగాను. ఆకు నమిలింది. ఆకంతా అయిపోయాక నోరు విప్పింది.

"లేదు పాపా, లచ్చుమక్క లేదు. దుడ్లు ముదిగుబ్బ పోస్టాఫీసులో వేస్తాండా. నీ హాస్టలుకు ఇచ్చింది మీ నాయన దుడ్లే. నేనేం చేసేది? వాడు ఆ జీపెక్కితే మళ్ళీ గొడుగులే గదా. మీ యమ్మ నవ్వేది నిలిచిపోతాది. చెప్పగాకు మీ నాయనకు, నా మీద ఒట్టు" అని నా చేయి తీసి తన తల మీద పెట్టుకుంది. చెప్పలేదు. రెండేండ్లు, నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు ఉన్నాను.

జేజి పోయింది. నిద్రలోనే, ఎవరినీ కష్టపెట్టకుండా పోయింది. పెద్దకర్మ అయి చుట్టాలంతా వెళ్ళిపోయిన మూడో రోజు, నేనూ నాయనా నడవలో కూర్చుని ఉన్నాం. ఏ పనీ తోచక, ఆయన ఇంటి వాడకానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. జుట్టు నెరిసింది గానీ వేళ్ళు మాత్రం చూడకుండానే ఒలిచేస్తున్నాయి. ఒట్టు పెట్టించుకున్న మనిషే లేదు కదా అని నేను చెప్పేశాను. సోమందేపల్లెలో లక్ష్మక్క లేదు నాయనా, ఎప్పుడూ లేదు అన్నాను. కోపం వస్తుందేమో, ఏడుస్తాడేమో అని భయపడ్డాను.

నాయన ఒలవడం ఆపలేదు. "తెలుసు పాపా" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"రెండో ఏడే. వాన ఎగ్గొట్టింది గదా, ఆయమ్మను గడువు అడుగుదామని పోయినా. ఊరంతా తిరిగినా. ఎవురూ ల్యాకపాయె. రోడ్డు మీద టీ తాగి, బస్సెక్కి వచ్చేసినా."

"మరి జేజిని అడగలేదా?"

"అడిగేదేముంది? లచ్చుమక్కను కలిసినా, గడువు ఇచ్చింది అని చెప్పినా." ఆయన మూతి మీద నవ్వు మొదలైంది. "మీ జేజి వక్క నమిలేది ఒక్క గడియ ఆపి, 'అది మొదటి నుంచి మంచిదే' అనింది."

ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే నాయన కళ్ళు నిండాయి. తుండుగుడ్డతో తుడుచుకుని, "అప్పుండాదంటే ఊర్లో ఎవురూ నవ్వరు పాపా. ఇంట్లో పెండ్లాం బిడ్డలతో కూర్చోవాలని ఉండాదంటే నవ్వుతారు. ఆ పొద్దు జీపులో కాలు పెట్టినప్పుడు నాకు పోవాలని లేదు. పోనని చెప్పేదానికి నోట్లో ఒక మాట ల్యాకపాయె. మీ జేజి ఆ మాట ఇచ్చింది" అన్నాడు.

అంతలో వీధిలో హారను మోగింది. జీపే. పలకరింపుకని వచ్చారు గానీ, రాబోయే ఎన్నికల మాట కూడా వాళ్ళ నోట్లోనే ఉంటుందని మాకు తెలుసు. నాయన ఒడిలోని పొట్టు దులుపుకుని, ఆ రంగు లుంగీతోనే వీధి గడప దాటి వాకిట్లోకి పోయాడు. వాళ్ళు జేజి గురించి నాలుగు మాటలన్నారు. తర్వాత ఒకాయన గొంతు తగ్గించి, "పెద్దామె పోయె. ఇంగ ఇంటి బాధ్యతలు గూడా తీరినట్లే గదా నరసన్నా?" అన్నాడు.

"యాడ తీరె అన్నా?" అన్నాడు నాయన, తలుపు చాటున ఉన్న నాకూ అమ్మకూ వినబడేటట్టు. "సోమందేపల్లె బాకీ అట్లే ఉండాది."